ఇంటి మూల కంప్యూటరు, మన కాగితాల అమానత్
వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



ఉర్దూ మాస్టరు తెలుగులో ప్రసంగమేమిటని వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. మన పిల్లలు చాలామంది తెలుగు బడుల్లో చదువుతున్నారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ళకే చేరాలి గనుక తెలుగులోనే చెబుతాము, తప్పులుంటే మన్నించండి.

రెండేళ్ళ క్రిందటి సంగతి. సంఘం సహాయం అందుకునే కుటుంబాల జాబితా, పిల్లల ఫీజుల లెక్కలు మా ఇంటి పాత కంప్యూటరులో ఉండేవి. రంజాన్‌కు పది రోజుల ముందు అది టక్‌టక్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది. దుకాణంవారు వారం రోజులు ఉంచుకుని, హార్డ్ డిస్కు పోయింది, ఏమీ రాదన్నారు. రెండో ప్రతి లేదు. తప్పు ఎవరిదో కాదు, మాదే.

కాగితం, కలం పట్టుకుని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాము. ఒక ఇంట్లో భర్త పోయిన ఒక సోదరి తలుపు దగ్గరే నిలబడి, "అంతా పోయినేడు చెప్పాను గదా మాస్టర్ సాబ్, మళ్ళీ మొదటినుంచీ చెప్పాలా?" అన్నది. మాకు తలెత్తి మాట్లాడ బుద్ధి కాలేదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసి పెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయత్‌లో ఆదేశం ఉన్నది. రాయటం మాకు చేతనయింది గాని, రాసినదాన్ని కాపాడటం చేతకాలేదు.

అప్పుడు మేము చేసిన పని చెబుతాము. హైదరాబాదు వెళ్ళినప్పుడు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి ఒక చిన్న కంప్యూటరు కొన్నాము. లెనోవో వారి థింక్‌సెంటర్ ఎం900 టైనీ దాని పేరు. వెడల్పు, లోతు సుమారు 18 సెంటీమీటర్లు, మందం మూడున్నర. అంటే ఒక లావు నిఘంటువంత. ఏదో ఆఫీసులో వాడి తీసేసినది. 8 జీబీ ర్యామ్‌తో 8,500 రూపాయలు పడింది. ఆ డబ్బు మా సొంతం, జకాత్ పైసా ముట్టలేదు.

ఇంత చవకగా ఎందుకిస్తారని అడగవచ్చు. 2021లో వచ్చిన విండోస్ 11కు ఇంటెల్ వారి ఎనిమిదో తరం ప్రాసెసరు, లేదా ఆ తరువాతది కావాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల ఆరు, ఏడు తరాల యంత్రాలను ఆఫీసులు తీసేస్తున్నాయి. యంత్రం చెడిపోలేదు, కాలం చెల్లిందన్నారంతే. దానిలో లినక్స్ వేస్తే మళ్ళీ ఉద్యోగంలో చేరుతుంది. మేము డెబియన్ 13 వేశాము. అది ఉచితం, 2025 ఆగస్టులో విడుదలయింది.

కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. డిస్కు ఎన్ని గంటలు పనిచేసిందో లెక్క అందులోనే ఉంటుంది, అడిగి చూడండి. అడాప్టరు అసలుదో కాదో చూడండి. బయాస్‌కు పాస్‌వర్డు పెట్టి ఉంటే కొనవద్దు.

ఇక చప్పుడు సంగతి. మొదటి రాత్రి ఫ్యాను రొద చేస్తే, తహజ్జుద్‌కు లేచిన అమ్మీజాన్ "ఈ తుమ్మెదను బయట పెట్టు బేటా" అన్నారు. వెనక ఒక్క స్క్రూ తీసి చూస్తే లోపల దుమ్ము పేరుకుని ఉంది. మెత్తటి బ్రష్షుతో దులిపాము. ప్రాసెసరు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాము. తిరిగే డిస్కు బదులు ఎస్ఎస్‌డి పెట్టాము, దానిలో కదిలే భాగాలే లేవు. మూసిన అలమరాలో గాక గాలి ఆడే అరమీద ఉంచాము. ఇప్పుడు అది నడుస్తున్నదని దీపం చూస్తేనే తెలుస్తుంది.

కరెంటు లెక్క కూడా వినండి. పనిలేనప్పుడు సుమారు 10 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 24 గంటలు, 30 రోజులు నడిస్తే 7.2 యూనిట్లు. అదే 60 వాట్ల పాత పెద్ద కంప్యూటరయితే 43 యూనిట్లు దాటుతుంది. కరెంటు పోయి వస్తే తానే మేలుకునేటట్లు బయాస్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది, అది పెట్టుకోవాలి. రౌటరులో దానికి ఎప్పుడూ ఒకే చిరునామా ఇవ్వాలి.

పనులు మూడు. ఒకటి, సాంబా. ఇంట్లో ఏ కంప్యూటరు నుంచైనా ఫైళ్ళు పెట్టుకునే బీరువా అనుకోండి. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో దీన్ని మొదలుపెట్టారు. రెండు, నెక్స్ట్‌క్లౌడ్. ఫోన్లోని ఫోటోలు, దాదాజాన్ మాటల రికార్డులు ఇంటి వైఫైలోకి రాగానే దీనిలోకి చేరతాయి. మూడు, కివిక్స్. తెలుగు, ఉర్దూ వికీపీడియాలను ముందే దించుకుని పెడితే నెట్ లేకపోయినా పిల్లలు చదువుకోవచ్చు.

ఉర్దూ మాస్టర్లకు ఒక మాట. మన పాత ప్రశ్నపత్రాలు ఇన్‌పేజ్ ఫైళ్ళలో ఉన్నాయి. ఆ ప్రోగ్రాము లేనిచోట అవి తెరుచుకోవు. యూనికోడ్‌లోకి మార్చి, ఉచితంగా దొరికే నోటో నస్తాలిఖ్ ఖతులో దాచుకోండి. భద్రపరచినది రేపు చదవటానికి రాకపోతే ఏం లాభం?

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాము. ఈ పెట్టె కూడా ఒకనాడు చెడిపోతుంది. లోపల రెండు డిస్కులు జంటగా పెట్టినా చాలదు, ఒకదానిలో పొరపాటున చెరిపింది రెండోదానిలోనూ చెరిగిపోతుంది. అందుకే బయటి డిస్కులు రెండు ఉంచాము. ఒకటి మా ఇంట్లో, మరొకటి కోశాధికారి భాయి ఇంట్లో. ప్రతి నెలా మొదటి జుమా తరువాత మార్చుకుంటాము. ఒక ఫైలు వెనక్కు తీసి, తెరుచుకుంటున్నదో లేదో చూస్తాము.

సహాయం పొందేవారి పేర్లు పరువుకు సంబంధించినవి. ఆ జాబితా ఉన్న డిస్కుకు, దాని ప్రతులకు ఎన్‌క్రిప్షన్ తాళం వేశాము. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పాస్‌వర్డు కొట్టాలి. ఆ పాస్‌వర్డు మాకొక్కరికే తెలిస్తే, రేపు మాకేదయినా అయితే తాళం శాశ్వతంగా పడిపోయినట్లే. కనుక సీలు కవరులో రాసి అధ్యక్షులవారికిచ్చాము. బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి ఏదీ తెరవలేదు. భద్రతా సవరణలు వాటంతటవే వచ్చేటట్లు పెట్టాము.

ఈ సంవత్సరం రంజాన్‌కు జాబితా ఒక్క పూటలో తయారయింది. ఆ సోదరి ఇంటికి పోయినప్పుడు మేము ప్రశ్నలేవీ అడగలేదు, కవరు ఇచ్చి సలాం చెప్పి వచ్చేశాము. ఆమె కూడా ఏమీ చెప్పుకోవలసిన అవసరం లేకపోయింది. మేము ఆశించిందీ అంతే.

నేర్చుకోవాలనుకునే యువకులు, ఆడపిల్లలు ఆదివారం అసర్ తరువాత మా ఇంటికి రండి, ఒక పెట్టె విప్పి చూపిస్తాము. మనకు అప్పగించిన అమానత్‌ను కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.