పుట్టబోవు శిశువుపై మదుపు



భాగవతము నవమ స్కంధమున ఋచీకుని కథ గలదు. ఆ ముని తన భార్యయగు సత్యవతికొకటి, ఆమె తల్లికొకటి, రెండు చరువులను మంత్రించి యుంచి స్నానమునకేగెను. కూతురి చరువు శ్రేష్ఠమని తలచి తల్లి దానిని కోరి తినెను. తల్లిదానిని కూతురు తినెను. నీకు ఘోరుడగు కొడుకు పుట్టునని ముని చెప్పగా సత్యవతి వేడుకొనెను. అంతట ఆ ఫలము కొడుకును విడిచి మనుమనికి సంక్రమించెను. ఆ మనుమడే పరశురాముడు.

నేడు చరువునకు బదులుగా ప్రయోగశాలలున్నవి. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియర్ అను విదుషీమణులు క్రిస్పర్ అను సాధనమును ప్రకటించిరి. జీవకణములోని జన్యువును వలసినచోట కత్తిరించుటకది ఉపకరించును. 2020లో వారికి నోబెల్ బహుమానము లభించెను. దీనితో చేయదగు పనులు రెండు; వానిని ఒకే పద్దులో వ్రాయరాదు. రోగముచే బాధపడుచున్న మనుష్యుని కణములను సవరించుట యొకటి. దాని ఫలము అతనితోనే ఆగును. గర్భమున నిలుపక మునుపే పిండమును సవరించుట రెండవది. అది కొడుకునకు, మనుమనికి, మునిమనుమనికి దిగుచుండును.

మొదటిదానికి ఉదాహరణము సికిల్‌సెల్ వ్యాధి. ఎఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంగి నాళములకడ్డుపడుటచే రోగికి దుస్సహమగు నొప్పులు కలుగును. తెలుగునాట ఏజెన్సీ గిరిజనులలో ఈ వ్యాధి గలదు. క్రిస్పర్‌తో చేయు కాస్‌జెవి చికిత్సను 2023 నవంబరులో బ్రిటనును, డిసెంబరులో అమెరికాయు అంగీకరించినవి. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు. ఆనాటి మారకము చొప్పున 18 కోట్ల రూపాయలకు పైమాట. గూడెములోని తండ్రి యావదాస్తి నమ్మినను ఆ ఆస్పత్రి గుమ్మమెక్కజాలడు. పోనీ, మదుపు పెట్టినవారైన బాగుపడిరా యనగా అదియు నిశ్చయము లేదు. ఇదే వ్యాధికి వేరొక పద్ధతిని 31 లక్షల డాలర్ల జన్యుచికిత్సను తెచ్చిన బ్లూబర్డ్ బయో సంస్థ వాటాల విలువ 2018లో వెయ్యి కోట్ల డాలర్ల దరిదాపున నుండెను. 2025లో అందు నూఱవపాలునకు చాలని వెలకు సంస్థయే చేతులు మారెను. మందు పనిచేసెను, కంపెనీ నిలువలేదు.

రెండవ పనిని 2018లో చైనాలోని షెన్‌జెన్ నగరమున హె జియాన్‌క్వి అను శాస్త్రజ్ఞుడు చేసెను. హెచ్.ఐ.వి. సోకకుండునట్లు పిండములలో ఒక జన్యువును సవరించితిననియు, కవల ఆడపిల్లలు జన్మించిరనియు ప్రకటించెను. తండ్రికి ఆ వ్యాధి యున్నను బిడ్డకు రానీయని మార్గము అంతకుమునుపే కలదు. ఇంత సాహసము అనవసరము. సవరణయు అనుకొన్నట్లు కుదురలేదు. 2019 డిసెంబరులో న్యాయస్థానము అతనికి మూడేండ్ల కారాగారమును, 30 లక్షల యువాన్ల జుల్మానాను విధించెను. అయినను 2025లో అమెరికాలోని ప్రివెంటివ్ అను సంస్థ పిండసవరణ పరిశోధనకై 3 కోట్ల డాలర్లకు చేరువగా మదుపు సమకూర్చుకొన్నట్లు ప్రకటించెను. వంశపారంపర్య వ్యాధుల నివారణమే తమ యుద్దేశమని వారి మాట.

ఆ మాట నిజమే కావచ్చును. గర్భపరీక్షలు ఈ దేశమునకు వచ్చినదియు బిడ్డ రోగమును కనిపెట్టుటకే గదా! కాని ఆడపిల్లను తప్పించుకొనుటకై వానిని వాడినందున 1994లో చట్టము చేయవలసివచ్చెను. ఆరేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 1991లో 945 మంది, 2001లో 927 మంది. పరీక్ష చేయించినవారు రాక్షసులు కారు. వరకట్నమునకు వెఱచిన సామాన్యులు. అట్టి సామాన్యుల యెదుట రేపు ఎత్తు, మేనిచాయ, తెలివి వెలకట్టి పెట్టినయెడల ఏమగును? మదుపుదారుడు నష్టమువచ్చిన వాటాను అమ్ముకొనును. బిడ్డ తన జన్యువును ఎవరికమ్మును?

ఇంతలో తక్కువ ఖర్చుతో జరుగు పనియొకటి గలదు. సికిల్‌సెల్ నిర్మూలనకై 2023 జులైలో కేంద్రప్రభుత్వము ఒక ఉద్యమము నారంభించి, గిరిజన ప్రాంతములలో రక్తము పరీక్షించి కార్డులిచ్చుచున్నది. వ్యాధిలేకున్నను ఆ జన్యువును మోయువారు గలరు. అట్టివారిరువురు పెండ్లాడినచో, పుట్టు ప్రతి బిడ్డకును నాల్గింట నొకపాలు వ్యాధి రాగల అవకాశము కలదు. ఏజెన్సీలో బంధుమిత్రులు గల చదువరులు, సంబంధము కుదుర్చుకొనక మునుపు వధూవరుల కార్డులు రెండును చూచుకొనుడని వారికి తెలుపవలెను.