మోటారు సైకిలు పందెములు: వేగము, నియమము

విశాఖపట్నములోని పాత పట్టణమును నేడు అందరూ వన్ టౌన్ అంటున్నారు. కురుపాం మార్కెట్టు, పాత పోస్టాఫీసు, రాస్ హిల్ పాదము, చేపల రేవుకు పోయే దారి ఇవన్నీ కలిసినదే ఆ పేట. అక్కడి వీధులు ఇరుకు. రెండు బండ్లు ఎదురైతే ఒకటి ఆగవలసినదే. అటువంటి చోటును తలచుకొని మోటారు సైకిళ్ల వేగమును గురించి మాట్లాడుట వింతగా తోచవచ్చును. కాని వేగముపై మక్కువ గల యువకులు ఇరుకు వీధులలోనూ పుడతారు. సాయంకాలము షెడ్డులో బండి విప్పి, బిగించి, పొద్దుపోయిన తరువాత దానిని విశాలమైన బీచి రోడ్డు మీదికి తీసుకొని పోతారు. ఆ చప్పుడు వినబడగానే పక్క మీద లేచి కూర్చునే తల్లిదండ్రులు మన శ్రోతలలోనూ ఉండవచ్చును. ఈ ప్రసంగము ముఖ్యముగా వారి కోసము.

బండిని పందెమునకు తగినట్లు సరిదిద్దుట ఒక విద్య. దానినే మన మెకానిక్కులు ట్యూనింగు అంటారు. ఆ విద్యలో దోషము లేదు. దోషమంతా దానిని పరీక్షించుకొనే చోటులో ఉన్నది. ఈ రెంటినీ వేరుచేసి చూడక పోవుట వలన, ఇంట్లో పెద్దలు విద్యనే నిందిస్తున్నారు. పిల్లలు చోటును కూడా సమర్థించుకొంటున్నారు. రెండూ సరికావు.

విశాఖపట్నమునకు యంత్రముల పని కొత్త కాదు. 1933లో ఇక్కడ ఓడరేవు తెరిచినారు. 1948 మార్చి 14వ తేదీన ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రము నుంచి జల ఉష అను ఓడ నీటిలోనికి దిగినది. రేవు, నౌకా కేంద్రము, ఆ పిమ్మట ఉక్కు కర్మాగారము మూడు తరముల ఫిట్టర్లకు, టర్నర్లకు అన్నము పెట్టినవి. మిల్లీమీటరులో వందవ వంతు తేడాను పట్టగల చేతులు ఈ ఊరిలో ఎన్నో ఉన్నవి. ఆ నేర్పు తండ్రి నుంచి కొడుకు చేతికి వచ్చినప్పుడు అది మోటారు సైకిలు మీద వాలుట సహజము.

ఆ పని ఎట్టిదో చూచుటకు పందెము ఆడేవారి నోట నేటికీ నలిగే ఒక బండిని తీసుకొందాము. 1985 నుంచి 1996 వరకు మన దేశములో తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 అది. ఇంజను పరిమాణము 98 సి.సి.; శక్తి 11 గుర్రములు. నిమిషానికి 7,500 చుట్లు తిరిగినప్పుడు ఆ పూర్తి శక్తి వస్తుంది. అంటే సెకండుకు 125 మారులు పిస్టను పైకి పోయి కిందికి వస్తుంది. టూ స్ట్రోక్ ఇంజను గనుక ప్రతి చుట్టుకూ ఒక మంట. సెకండులో 125 మంటలను సమయము తప్పకుండా వెలిగించుట, వాటికి కావలసినంత గాలి, కావలసినంత పెట్రోలు అందించుట, కాలిన పొగను వెంటనే బయటికి పంపుట, ఇదే ట్యూనింగు సారాంశము.

మొదటి మెట్టు కార్బొరేటరు. అందులో జెట్టు అను ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దానికి సన్నని రంధ్రము. పెట్రోలు ఆ రంధ్రము గుండానే పోతుంది. రంధ్రము పెద్దదైతే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు మసిబారుతుంది. చిన్నదైతే మంట వేడెక్కి ప్లగ్గు తెల్లబడుతుంది. కాఫీ గింజ రంగు కనిపించినదా, సరిపోయినదని అర్థము. తెల్లని ప్లగ్గును లెక్కచేయక బండిని పరుగెత్తిస్తే పిస్టను ఉబ్బి గోడలకు పట్టుకొని పోతుంది. అప్పుడు వెనుక చక్రము ఉన్నట్టుండి నిలిచిపోతుంది. నడిపేవాడు ఎగిరి పడతాడు.

ఈ కొలత గాలిని బట్టి మారుతుంది. మన సముద్రతీరములో వేసవి మధ్యాహ్నపు గాలి వేడిది, చెమ్మగలది. అందులో ప్రాణవాయువు పాలు తక్కువ. అదే బండిని సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయకు తీసుకొని పోతే అక్కడ గాలి నూటికి 8 పాళ్లు పలుచన. ఇక్కడ సరిపోయిన జెట్టు అక్కడ పెట్రోలును ఎక్కువగా పోస్తుంది. మే నెల ఎండలో సరిదిద్దిన బండిని జనవరి తెల్లవారుజామున చల్లని చిక్కని గాలిలో నడిపితే దీనికి విరుద్ధముగా పెట్రోలు చాలకపోతుంది. అందుచేత మంచి ట్యూనరు చేతిలో రెంచీతో పాటు ఒక నోటు పుస్తకము కూడా ఉంటుంది. ఏ రోజు, ఎంత వేడి, ఏ జెట్టు, ప్లగ్గు రంగు ఏమి, అని అందులో రాసుకొంటాడు.

రెండవ మెట్టు పొగగొట్టము. మన యువకులు ముందుగా చేయి వేసేది దానిమీదనే. లోపలి అడ్డులు తీసివేస్తే చప్పుడు పెరుగుతుంది గాని శక్తి పెరగదు. తరచుగా తగ్గుతుంది కూడా. దీని రహస్యమును బాగా పట్టినవాడు తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. కర్మాగారములో పనిచేసిన వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు. సముద్రపు అల గోడకు తగిలి వెనుకకు మళ్లినట్లే, ఇంజను నుంచి వెలువడే పొగ అల కూడా గొట్టము చివరి ఇరుకుకు తగిలి వెనుకకు వస్తుంది. కాలక ముందే జారిపోబోయే పెట్రోలు గాలిని ఆ అల తిరిగి సిలిండరులోనికి నెడుతుంది. అల సకాలములో వచ్చేటట్లు గొట్టము పొడవును, ఉబ్బును, ఇరుకును లెక్క కట్టవలెను. ఈ లెక్కతో కాడెన్ 1961 నాటికి 125 సి.సి. ఇంజను నుంచి 25 గుర్రముల శక్తి రాబట్టినాడు. ఆ యేడే ఆయన జట్టులోని పందెగాడు ఎర్న్స్ట్ డెగ్నర్ పశ్చిమమునకు పారిపోయి, ఆ రహస్యమును జపానులోని సుజుకి సంస్థకు చేరవేసినాడు. 1962లో 50 సి.సి. ప్రపంచ విజేత సుజుకి మీద డెగ్నరే. గొట్టము లెక్కకు అంత విలువ ఉన్నది.

మూడవది చైను పళ్లచక్రము. ఇది అన్నిటికంటె చవుక. వెనుక 36 పళ్ల చక్రము తీసి 38 పళ్లది వేస్తే బండి లాగుడు పెరుగుతుంది. గరిష్ఠ వేగము నూటికి 5 పాళ్లు తగ్గుతుంది. మలుపులు ఎక్కువగా ఉన్న పథములో ఈ బేరము లాభము. పొడుగైన తిన్నని దారిలో నష్టము. కనుక ఏ పథములో ఆడబోతున్నారో తెలియకుండా బండిని సరిదిద్దుట కొలతలు తీయకుండా చొక్కా కుట్టుట వంటిది.

శక్తి పెంచినవాడు బ్రేకులను, టైర్లను, చట్రమును మరచిపోరాదు. వేగము రెండింతలైతే ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలు అవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగములో బండి ఒక్క సెకండులో దాదాపు 28 మీటర్లు పోతుంది. ఎదుట ఏదో అడ్డము వచ్చినదని కన్ను చూచి, చేయి బ్రేకు నొక్కే లోపలనే ఒక సెకండు గడుస్తుంది. బీచి రోడ్డు మీద ఆ 28 మీటర్లలో మొక్కజొన్న కంకులు అమ్ముకొని ఇంటికి పోతున్న ముసలమ్మ ఉండవచ్చును. వేటకు పోవుటకు తెల్లవారకముందే బయలుదేరిన పల్లెవారు ఉండవచ్చును. వారెవ్వరూ పందెమునకు ఒప్పుకొన్నవారు కారు. మేము చోటు దోషమన్నది ఇందుకే.

చట్టము కూడా ఈ మాటే చెబుతున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము రాష్ట్ర ప్రభుత్వము వ్రాతపూర్వకముగా ఒప్పుకొననిదే బహిరంగ స్థలములో వేగపు పందెములు నేరము. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని ఉన్నవి. రోడ్డు మీద తిరిగే బండి స్వరూపమును ఇష్టము వచ్చినట్లు మార్చుటను 52వ సెక్షను నిషేధిస్తున్నది. మైనరు పిల్లవాడు బండితో నేరము చేస్తే సంరక్షకునికి మూడేళ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. తాళము ఇచ్చిన చేతికీ శిక్ష ఉన్నదని పెద్దలు గుర్తించవలెను.

అయితే ఈ విద్యకు చోటు ఎక్కడ? మన ఊరి పక్క నుంచి పోయే కలకత్తా, మద్రాసు రహదారి మీదనే దాని జవాబు ఉన్నది. ఆ దారిన నెల్లూరు దాటి పోతే మద్రాసు చేరకముందే షోలవరం వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల దిగుడు మైదానము అక్కడ ఉన్నది. ఆంధ్ర రాష్ట్రము వేరుపడిన 1953లోనే మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడినది. ఆ క్లబ్బు వారు వాడుకలో లేని ఆ మైదానమును పందెముల చోటుగా చేసినారు. షోలవరము పందెములకు జనము వేల సంఖ్యలో తరలివచ్చేవారు. ఆ తరువాత క్లబ్బు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంతముగా పథము నిర్మించుకొన్నది. 1990లో తెరిచిన ఆ పథము పొడవు 3.717 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గర 2003లో కరి మోటార్ స్పీడ్ వే వచ్చినది. విశాఖపట్నములో అటువంటి శాశ్వత పథము లేదు. వన్ టౌన్ యువకుడు బండిని వ్యానులో ఎక్కించుకొని సుమారు 800 కిలోమీటర్లు పోవలెను. కష్టమే, అయినను అది గౌరవమైన కష్టము.

క్లబ్బు పందెములో ఏమి జరుగుతుందో శ్రోతలు తెలుసుకొనవలెను. శిక్షణ పొంది, మోటారు క్రీడల క్లబ్బుల సమాఖ్య నుంచి లైసెన్సు తీసుకొన్నవారినే పథము మీదికి రానిస్తారు. పందెమునకు ముందు తనిఖీ ఉంటుంది. నూనె బిరడా వదులై పథము మీద నూనె కారకుండా తీగతో ముడి వేసినారా, బ్రేకులు సరిగా ఉన్నవా, తలకు హెల్మెట్టు, ఒంటికి తోలు దుస్తులు, చేతికి తొడుగులు ఉన్నవా అని చూస్తారు. ఒకటి తక్కువైనా బండి కదలదు. మార్పులు చేయని బండ్లకు ఒక తరగతి, మార్చిన బండ్లకు వేరొక తరగతి. సమానులు సమానులతోనే పోటీ పడతారు. మలుపు మలుపునా మార్షలులు జెండాలతో నిలబడతారు. పసుపు జెండా అంటే ముందు అపాయము ఉన్నది, ఎవరినీ దాటరాదు. నీలము అంటే వెనుక వేగమైనవాడు వస్తున్నాడు. ఎరుపు అంటే పందెము ఆగినది. నల్ల జెండా చూపిన వాడు పథము వదలి రావలసినదే. వైద్యుడు, అంబులెన్సు సిద్ధముగా లేనిదే పందెము మొదలు కాదు. పందెము చివర గడియారము చెప్పిన మాటే తీర్పు. బీచి రోడ్డు మీద గెలిచితినని చెప్పుకొనేవానికి అటువంటి సాక్ష్యము ఏదీ లేదు.

డబ్బు లేనివారికి ఇది అందదని కొందరంటారు. న్యూజీలాండు దక్షిణపు కొనలోని ఇన్వర్కార్గిల్ లో బర్ట్ మన్రో అను సామాన్యుడు ఉండేవాడు. 1920లో ఆయన కొన్న ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలు గంటకు 88 కిలోమీటర్లకు మించి పోయేది కాదు. నలభై ఏళ్లకు పైగా ఆయన తన షెడ్డులో పిస్టన్లను తానే పోతపోసుకొంటూ దానిని సరిదిద్దినాడు. 1967లో, 68 ఏళ్ల వయస్సులో, ఆ బండినే అమెరికాలోని బాన్నెవిల్ ఉప్పు మైదానములో గంటకు 295 కిలోమీటర్లకు పైగా నడిపి తన తరగతిలో రికార్డు నెలకొల్పినాడు. షెడ్డులో ఎంత చేసినను, అంతిమ పరీక్షకు ఆయన సముద్రములు దాటి, కాలము కొలిచే అధికారులున్న చోటికే పోయినాడు.

ఇక పెద్దలకు ఒక మనవి. ఇంట్లో కుర్రవాడు బండి విప్పుకొని కూర్చున్నప్పుడు కసరుకొనక, ఒక్కసారి దగ్గర కూర్చొని ఏమి చేస్తున్నాడో అడగండి. నోటు పుస్తకము ఉన్నదా అని అడగండి. క్లబ్బుకు పోతానంటే పంపండి. బీచి రోడ్డుకు పోతానంటే తాళము దాచండి. పందెగాడు కాలేనివాడు కూడా క్లబ్బులో జెండా పట్టవచ్చును, గడియారము చూడవచ్చును, ఇతరుల ఇంజనులు సరిదిద్దవచ్చును. ఓడల యంత్రములను బాగుచేసిన ఊరి బిడ్డలకు ఆ పని చిన్నతనము కాదు. నగరపాలకులు, పరిశ్రమలవారు కలిసి ఊరి వెలుపల ఒక చిన్న పథమునైనా ఏర్పరచితే ఆ 800 కిలోమీటర్ల దూరము తగ్గుతుంది. అంతవరకు ఆ దూరము పోవుటే మేలు. బీచి రోడ్డు మీద 28 మీటర్లు పోవుటకంటె అది ఎంతో క్షేమము.