వంటయింటిలో యజ్ఞశేషము



ఈ సాయంకాలము మేము చెప్పదలచినది వంటయింటి విషయము. ఆలయ మండపములో పురాణము వినవచ్చిన వారికి బీరకాయ తొక్కల గురించి, మిగిలిన అన్నము గురించి చెప్పుట ఏమిటని కొందరికి తోచవచ్చును. పూజామందిరము వేరు, వంటయిల్లు వేరు అని మనము నడుమ గోడ కట్టుకొని చాలా కాలమైనది. ఆ గోడ శాస్త్రము కట్టినది మాత్రము కాదు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని ఒకసారి స్మరింపుడు. భృగువు తండ్రియైన వరుణుని చేరి బ్రహ్మమును తెలుపుమని ప్రార్థించెను. తపస్సు చేసి ఆయన మొట్టమొదట గ్రహించినది అన్నమే బ్రహ్మమని. అక్కడినుండి ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లు దాటి ఆనందమును చేరెను. కథ అక్కడితో ముగియవలసినది గదా! ముగియలేదు. ఆనందమును తెలిసికొన్న పిమ్మట ఉపనిషత్తు మరల అన్నము దగ్గరకే వచ్చి, అన్నమును నిందింపరాదనియు, త్రోసిపుచ్చరాదనియు, అధికముగా సమకూర్చుకొనవలెననియు వ్రతములు విధించినది. శిఖరము ఎక్కినవానికి కూడ మొదటి మెట్టు తప్పలేదన్నమాట. ఇక మెట్టు క్రిందనే నిలిచియున్న మన సంగతి ఏమి చెప్పవలెను?

మనుధర్మశాస్త్రములో గృహస్థునికి పంచసూనలు అని ఐదు చెప్పబడినవి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్ళబిందె – ఈ ఐదు చోట్ల మనకు తెలియకయే ప్రాణిహింస జరుగుచుండును. ఆ దోషము పోవుటకే నిత్యము పంచమహాయజ్ఞములు విధింపబడినవి. దేవతలకు, ఋషులకు, పితరులకు, భూతములకు, అతిథులకు భాగమిచ్చి, మిగిలినది భుజించువాడు యజ్ఞశేషమును భుజించుచున్నాడని, తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించుచున్నాడని గీత మూడవ అధ్యాయములో భగవానుడు చెప్పియున్నాడు. ఇందు మనము గమనింపవలసిన సూక్ష్మమొకటి ఉన్నది. వండి తిన్న అన్నము వెనుక హింస ఉన్నను, అది ఒక ప్రాణమును నిలిపినది. వండి పారవేసిన అన్నము వెనుక కూడ అదే హింస ఉన్నది. అది ఎవరిని నిలిపినది? తనకొరకు వండుకొనుటయే దోషమైనప్పుడు, ఎవరికొరకును గాక వండుటను ఏమనవలెను?

ఇది ఎంత జరుగుచున్నదో వినుడు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదికను బట్టి, 2022 సంవత్సరములో లోకమంతట 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయినది. అందులో నూటికి 60 పాళ్ళు హోటళ్ళలోను, అంగళ్ళలోను గాక, ఇండ్లలోనే వృథా అయినది. మన దేశపు ఇండ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోలని వారి అంచనా. తొక్కలు, టెంకలు కూడ ఈ లెక్కలో కలిసినవి. అయినను, నలుగురున్న ఇంటికి ఏడాదికి రెండు క్వింటాళ్ళ పైమాట! అది చెత్తకుప్పలో గాలి తగులక కుళ్ళి, భూమి వేడిని పెంచు మీథేను వాయువుగా మారుచున్నది. కిలో వడ్లు పండుటకు సుమారు 2,500 లీటర్ల నీరు పట్టునని వరి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పిడికెడు అన్నము పారబోసిన తల్లి, తాను పారబోసినది బిందెలకొలది నీరని తలచదు.

మహాభారతము అశ్వమేధపర్వములో ముంగిస కథ ఉన్నది. కురుక్షేత్రములో ఒక బ్రాహ్మణుడు భార్యతోను, కొడుకుతోను, కోడలితోను ఉంఛవృత్తితో జీవించెను. ఉంఛవృత్తి అనగా భిక్షాటనము కాదు; కోతలైన పొలములో రాలిన గింజలను ఏరుకొనుట. మన పల్లెలలో దానినే పరిగె ఏరుట అందురు. కరవు కాలములో ఆ నలుగురు ఏరి తెచ్చిన యవలతో పేలపిండి చేసి, తినబోవు వేళకు వచ్చిన అతిథికి ఒకరి తరువాత ఒకరు తమ భాగమును ఇచ్చివేసిరి. అక్కడ రాలిన పిండి సోకి ముంగిస శరీరము సగము బంగారమైనది. ధర్మరాజు అశ్వమేధము చేసిన చోట అది ఎంత పొర్లినను మిగిలిన సగము బంగారము కాలేదు. ఈ కథను దానమహిమ కొరకు చెప్పుదురు, అది సరియే. కాని దానము చేసినవారు ఎవరు? రాలిన గింజ విలువ తెలిసినవారు. పొదుపు తెలియని ఇంట దానమునకు కూడ మిగులదు. పిసినారితనమునకు, పొదుపునకు భేదము ఇక్కడనే తేలును: పిసినారి ఎదుటివాని విస్తరిలో తగ్గించును, పొదుపరి చెత్తబుట్టలో తగ్గించును.

ఇక ఆచరణకు వత్తము. వృథా మొదలగునది చెత్తబుట్ట దగ్గర కాదు, ఎసట్లో బియ్యము పోయుచోట. పూర్వము ప్రతి ఇంట గిద్ద, సోల, తవ్వ ఉండెడివి. ఎంతమందికి ఎన్ని గిద్దలో ఇల్లాలికి తెలియును. నేడు చేతికి అందిన గ్లాసుతో, 'చాలకపోవునేమో' అను భయముతో, ఒకటి ఎక్కువ పోయుదురు. భయము ఆమె తప్పు కాదు. రాత్రి భోజనమునకు ఉందురో, బయట తిని వత్తురో చెప్పకుండ వెళ్ళిన భర్తది, పిల్లలది. ప్రతివాని చేతిలోను ఫోను ఉన్నది. ఒక్క మాట చెప్పుట ఏపాటి శ్రమ? ద్రౌపది వద్దనున్న అక్షయపాత్ర ఆమె భుజించువరకు ఎందరికైనను వడ్డించెడిది. మన కుక్కరు అట్టిది కాదు గనుక లెక్క అవసరము.

ఇంకొక మాట కూడ మొగమాటము లేక చెప్పవలసియున్నది. చాలా ఇండ్లలో వృథా లేదని గర్వముగా చెప్పుకొందురు. విచారించి చూడగా, మిగిలినదంతయు మరునాడు ఇల్లాలు ఒక్కతయే తినుచున్నది! మగవారికి వేడి అన్నము, ఆమెకు నిన్నటి కూర. ఇది పొదుపు కాదు. లక్ష్మియని పిలుచుకొను ఆమె కడుపును చెత్తబుట్ట చేయుట. మిగిలినది తినదగినదైనచో అందరును పంచుకొనవలెను. తినదగనిదైనచో ఆమెయు తినరాదు.

ఇక్కడ శాస్త్రము తెలిసినవారు ఒక ఆక్షేపణ చేయుదురు. గీత పదునేడవ అధ్యాయములో చల్లారి, రసము పోయి, దుర్వాసన వచ్చి, రాత్రి నిలువయున్న ఆహారము తామసులకు ప్రియమని చెప్పబడినది గదా, మిగిలినది తినుమని ఎట్లు చెప్పుదురని. మంచి ప్రశ్న. దానికి మొదటి సమాధానము, మిగులకుండ వండుటయే ఉత్తమము. రెండవది, మనువే ఐదవ అధ్యాయములో, నూనె నేతులతో కూడిన దోషరహితమైన పదార్థము రాత్రి నిలిచినను భుజింపవచ్చునని అనుమతించినాడు. మూడవది మన తెలుగువారికి ప్రియమైనది: పోతనామాత్యుని దశమస్కంధములో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి చల్దులు ఆరగించిన ఘట్టము. నీటిలోనో మజ్జిగలోనో ఊరిన చద్దన్నము వేరు, మూత పెట్టి మరచిన అన్నము వేరు.

ఆ భేదమును నేటి వైద్యులును చెప్పుచున్నారు. వండిన అన్నమును వేసవిలో గంటలకొలది బయట ఉంచినచో అందు పెరుగు కొన్ని సూక్ష్మజీవులు పుట్టించు విషము తిరిగి వేడిచేసినను పోదు. కావున మిగిలిన అన్నమును వెంటనే చల్లార్చి ఫ్రిజ్జులో ఉంచవలెను. జిగురు వచ్చినది, వాసన మారినది ప్రసాదమైనను తినరాదు. మరిగి మరిగి నల్లబడిన నూనెను మరల బాణలిలో పోయుటయు పొదుపు కాదు. అది వైద్యునికి పెట్టు ఖర్చు.

ఇక పూర్వుల వంటయింటి నేర్పు. (ముందు వరుసలోని పెద్ద ముత్తైదువలు నవ్వుచున్నారు, వారికి మేము చెప్పునది కొత్త కాదు.) బీరకాయ చెక్కు బాగుగా కడిగి, నూనెలో మగ్గించి, వేయించిన మినపప్పు, మిరపకాయలు, చింతపండు చేర్చి నూరినచో కూరకంటె పచ్చడికే ముందు చేయి పోవును. లేత ఆనపకాయ చెక్కును అట్లే. అయితే కొన చిన్న ముక్క కొరికి చూడవలెను; ఆనప గాని బీర గాని చేదైనచో అది విషము, కాయ మొత్తము విడిచిపెట్టవలసినదే. పుచ్చకాయ పచ్చని పైతోలు తీసివేసి, లోపలి తెల్లని భాగమును పప్పులో వేయవచ్చును. కొత్తిమీర కాడలు చారులో, పనసగింజలు కూరలో, మాగాయ టెంక పప్పులో. మునగాకు వేసి నెయ్యి కాచి, ఆ ఆకును గిన్నె అడుగు గసితో సహా వేడి అన్నములో కలిపి పిల్లలకు పెట్టెడివారు. దానికొరకు పిల్లలు పోట్లాడుకొనెడివారు. పులిసిన మజ్జిగ మజ్జిగపులుసగును, పులిసిన దోసెపిండి పునుగులగును, మిగిలిన పప్పు చపాతీ పిండిలో కలియును. మిగిలిన అన్నము అదే పూట మెత్తగా నూరి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి, పాత పంచెపై వడియాలు పెట్టి ఎర్రటి ఎండలో ఎండనిచ్చినచో వానాకాలమునకు ఆదరువు. గంజి వార్చు ఇండ్లలో గంజి ఉప్పు వేసికొని త్రాగుటకు, నేతచీరకు పెట్టుటకు ఉపయోగపడును. చింతపండు పిప్పికి మించి దేవతార్చన రాగి చెంబును మెరిపించునది మేము చూడలేదు.

విస్తరిలో వడ్డించిన తరువాత మాత్రము ఏ నేర్పును పనికిరాదు. గిన్నెలో ఉన్నంతవరకు అది అన్నము; విస్తరిలో విడిచినచో ఎంగిలి, ఇంకొకరికి పెట్టరాదు. కావున కొద్దిగా వడ్డించి, రెండుసార్లు అడుగుట మర్యాద. పెండ్లిలో ఇరువది రకములు వండించినవానిని మెచ్చుకొను మనము, ఆ రాత్రి మండపము వెనుకకు వెళ్ళి చూచినచో మెచ్చుకొనము.

దానమునకును ఒక హద్దున్నది. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు నీళ్ళు త్రాగుట, మేత మేయుట అయిపోయి, పాలు ఉడిగిన ముసలి గోవులను దానమిచ్చుచుండగా, బాలుడైన నచికేతసుడు కలతపడెను. పాడైన కూరను పనిమనిషికి ఇచ్చునప్పుడు, చినిగి చీలికలైన వస్త్రమును బీదవానికి ఇచ్చునప్పుడు, ఆ బాలుడు మన గుమ్మములోను నిలిచి చూచుచున్నాడని తలచుడు. మనము తినగలిగినది, తినగలిగిన సమయములోనే ఇచ్చుట దానము. రేపటికి పనికిరాదని తెలిసి నేటి రాత్రి ఇచ్చుట బరువు దించుకొనుట.

వస్త్రముల విషయములో మన అవ్వలు ఎవరినుండియు నేర్చుకోలేదు. పాత చీర బిడ్డకు ఉయ్యాల, ఆ పిమ్మట నాలుగు పొరలు కలిపి కుట్టిన బొంత, ఆ పిమ్మట గిన్నె దించు మసిగుడ్డ. పాత కాగితములు, మెంతులు నానవేసి రుబ్బి, ఆ ముద్దను చేటలకు, బుట్టలకు పట్టించి ఆరనిచ్చెడివారు. సందులు మూసికొని గింజ రాలదు, మెంతుల చేదుకు పురుగు చేరదు. ఇట్టి పని సెలవులలో పిల్లలచేత చేయింపవచ్చును. అయితే పురుగుమందు డబ్బాలను, రంగు డబ్బాలను కడిగి వంటయింటికి తెచ్చుట, ప్లాస్టిక్ సంచులను నీళ్ళ పొయ్యిలో మండించుట పొదుపు పేరిట జరుగు అపచారములు. ఆ పొగను పీల్చునది మన పిల్లలే.

ఇక పూజానిర్మాల్యము. స్వామికి అర్పించిన పూలను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి నదిలో విసరుట భక్తియని కొందరి భ్రమ. తిరుమలలో వాడిన పుష్పములతో అగరువత్తులు చేయించు పని 2021లో దేవస్థానమువారు ప్రారంభించినారు. మన ఇంటి నాలుగు పూలకు అంత ఏర్పాటు అక్కరలేదు. దండ దారమును, తీగను, మెరుపు కాగితమును ముందుగా విడదీసి, పూలను, పత్రిని ఎవరును త్రొక్కని చోట చెట్టు మొదట గుంటలో వేసి మట్టి కప్పవలెను. పెరడు లేనివారు అడుగున రంధ్రమున్న మట్టికుండలో ఎండుటాకులు పరచి, పూలు, కూరగాయల చెత్త పొరలుగా వేసి, పైన పిడికెడు మట్టి చల్లుచుండవలెను. వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని అర్థము. మరికొన్ని ఎండుటాకులు వేసి కలియబెట్టినచో తగ్గును. రెండు మూడు నెలలకు నల్లని మెత్తని ఎరువగును. పూలకుండను, కూరల చెత్త కుండను వేరువేరుగా ఉంచినవారు, పూల ఎరువును నిస్సంకోచముగా తులసికోటలో వేసికొనవచ్చును.