అరవై దాటిన అక్కల పనీ లెక్కలోకి రావాలి
(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరపున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, రుణాలు, వసూళ్ల లెక్కలు విన్నారు. ఇప్పుడు ఇంకో లెక్క మాట్లాడుకుందాం. మన సంఘాల్లో అరవై దగ్గర పడినవాళ్లు, దాటినవాళ్లు చాలామంది ఉండారు. "ఏం పని చేస్తా ఉండావక్కా?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "ఏం పని, ఊరికే ఇంట్లో ఉండాను."

ఊరికే ఉండేది ఎవరు? తెల్లారకముందే పేడ ఎత్తి, పాలు పిండి, పాల కేంద్రంలో పోసొచ్చేది ఆమే. శెనక్కాయలు ఒలిచేది, చింతపండులో గింజ తీసేది, తిరుపతిలో పూలు కట్టేది, చిల్లర అంగట్లో కూర్చునేది ఆమే. కొడుకూ కోడలూ శ్రీసిటీకో, టౌనుకో పనికి పోతే పిల్లల్ని, ఆవుల్ని చూసుకునేదీ ఆమే.

కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం, దేశంలో పదిహేనేళ్లు నిండిన ఆడవాళ్లలో పని చేసేవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు కలిపి 2017-18లో నూటికి 23.3 మంది. 2023-24 నాటికి 41.7 మంది. ఇంటి సేద్యంలో, ఇంటి అంగట్లో కూలి లేకుండా చేసినా ఆ సర్వే దాన్ని పనిగానే రాసుకుంటుంది. వంట, పిల్లల పెంపకం మాత్రం రాసుకోదు. కాబట్టి మనం "ఇంట్లో ఉండాను" అంటే వంటతో పాటు ఆవు, కయ్య, అంగడి కూడా లెక్క నుంచి జారిపోతాయి.

జారిపోతే ఏమవుతుంది? పథకాల వయసు గీతలు చూడండి. అటల్ పింఛనులో, శ్రమయోగి మాన్‌ధన్‌లో చేరాలంటే 40 ఏళ్లు దాటకూడదు. ఈ-శ్రమ్ కార్డుకు 59. 2020లో మొదలైన చేయూత 45 నుంచి 60 మధ్యవాళ్లకు ఏడాదికి రూ.18,750 ఇచ్చింది, అరవై దాటినవాళ్లకు లేదు. అరవై తర్వాత వృద్ధాప్య పింఛను ఉంది, అది 2024 నుంచి నెలకు రూ.4,000 అయింది. పెద్ద ఆసరానే, కాదనం. కానీ ఆ కాగితంలో ఆమె ముసలామె, పనిచేసే మనిషి కాదు. పనిచేసే మనిషికి రుణం కావాలి, బీమా కావాలి, సరైన ధర కావాలి.

పేరు మీద రాసుకుంటే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పై వయసు పెట్టలేదు. అందుకే కరువు పనిలో అవ్వ పేరూ మస్టరులోకి ఎక్కింది. తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థలో సభ్యులంతా ఆడవాళ్లే. సభ్యత్వం ఆమె పేరు మీదే ఉన్నప్పుడు, ఆమె పని ఇంటిపని కింద కలిసిపోదు.

అందుకని నాలుగు మాటలు కోరుతున్నాం.

ఒకటి: 2027 జనగణనలో అడిగినప్పుడు, ఏడాదిలో ఏ పని ఎన్ని నెలలు చేశారో విడమరిచి చెప్పండి. పని ఉందంటే పింఛను పోతుందేమోనని కొందరు భయపడుతున్నారు. 1948 జనగణన చట్టం ప్రకారం అక్కడ చెప్పిన వివరాలు రహస్యం. ధైర్యంగా చెప్పండి.

రెండు: పాలు పోసేది ఎవరో, పాల ఖాతా వాళ్ల పేరునే ఉండాలి.

మూడు: నలభై లోపు చెల్లెళ్లు ఇప్పుడే పింఛను పథకంలో చేరండి. ఆ గీత దాటితే వెనక్కి రాలేం. 70 లోపు ఉన్న అక్కలకు బ్యాంకులో ఏడాదికి రూ.20 కడితే రూ.2 లక్షల ప్రమాద బీమా ఉంది.

నాలుగు: "నీకు వయసైంది, కోడలి పేరు పెట్టుకో" అనే మాట సంఘం మీటింగులో వద్దు. కోడలు వేరే సంఘంలో చేరవచ్చు. అత్త పొదుపు అత్తదే. సంఘంలో అప్పు ఇచ్చేటప్పుడు ఆమె పని చూడండి, కిస్తీ కట్టిన తీరు చూడండి.

వచ్చే నెల మీటింగులో ప్రతి సంఘం ఒక పేజీ తెరవాలి. యాభై దాటిన ప్రతి సభ్యురాలి పేరు, చేసే పని, అది ఎన్ని నెలలు, చేతికి వచ్చే డబ్బు అందులో రాయాలి. చదువు రాని అక్కలు చెప్తే పుస్తకాలు రాసే చెల్లెలు రాస్తుంది. అవన్నీ కలిపితే మన దగ్గర మన లెక్క ఉంటుంది. బ్యాంకు దగ్గరికి, ఆఫీసు దగ్గరికి పోయినప్పుడు అదే చేతిలో పెట్టి మాట్లాడదాం.