లెన్సు డబ్బీ – కంటి రక్షణ
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బిడ్డలు మాతృభాషలో నాలుగక్షరములు నేర్వవలెనని మేలూరిలో మనమిన్ని పాట్లు పడుచున్నాము. చదువునకు అక్షరమెంత ముఖ్యమో, ఆ అక్షరమును చూచు కన్నును అంత ముఖ్యము. కావున నేడొక చిన్న డబ్బీని గూర్చి మీకు మనవి చేయదలచితిని.

పెద్ద తరగతుల పిల్లలును, పైచదువులకై మదురై, కోయంబత్తూరు హాస్టళ్లకు పోయినవారును కొందరు కండ్లజోడునకు మారుగా కాంటాక్ట్ లెన్సులు ధరించుచున్నారు. అందు తప్పులేదు. సరిగా వాడినచో అవి మేలైన సాధనములే. అయితే రాత్రి తీసిన లెన్సు తెల్లవారువరకు ఎచట నుండును? రెండు గుంటలుగల చిన్న డబ్బీలో. లెన్సును జాగ్రత్తగా చూచుకొనువారు సైతము డబ్బీని మరతురు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

తోమని డబ్బీలో కంటికి కానరాని జిగురుపొర యేర్పడును. సూక్ష్మజీవులు దాని చాటున పెరుగును. మందునీరు వానిని పూర్తిగా చంపజాలదు. ఉదయమున అవి లెన్సుతోపాటు కంటికి చేరును. నల్లగ్రుడ్డుపై నుండు కార్నియా యను తేటపొర ఏమాత్రము గీరుకొన్నను అచట పుండు పుట్టవచ్చును. పుండు మానినను మచ్చ నిలిచి, మనవారు చెప్పు ‘కంటిలో పువ్వు’ మిగిలిపోవచ్చును.

నిన్నటి పాలగిన్నెను తోమక, అందే నేటి పాలు పోయు ఇల్లాలు మనలో ఎవరైన నున్నారా? కాని పాత మందునీటిపైననే క్రొత్తది పోయు పిల్లలు పలువురున్నారు.

ఇంకొక సంగతి. నీటితో కడిగినదే శుద్ధమని మన పెద్దలు నేర్పిరి. వంటపాత్రకది తగును, ఈ డబ్బీకి తగదు. పెరియారు కాలువ నీటియందైనను, బావినీటియందైనను, కొళాయినీటియందైనను అకాంతమీబా యను ఏకకణజీవి యుండవచ్చును. అది గట్టి కవచము తాల్చి మందులకు సులభముగా లొంగదు. చికిత్స నెలల తరబడి సాగును. కావున కాచి వడపోసిన నీరైనను డబ్బీకి వాడరాదు. ఎంగిలితో లెన్సును తడుపుట అంతకంటె కీడు.

చేయవలసిన దిది. ముందుగా చేతులను సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో తడిలేకుండ తుడుచుకొనవలెను. ఉదయము లెన్సు తీసిన వెంటనే పాత మందునీటిని పారబోసి, క్రొత్త మందునీటితో డబ్బీని వ్రేలితో రుద్ది కడిగి, మూతలు తీసి, శుభ్రమైన కాగితముపై బోర్లించి ఆరనీయవలెను. స్నానపుగదిలోని తేమలో నుంచరాదు. మూడు నెలలకొకసారి డబ్బీని మార్చవలెను. వైద్యుడు చెప్పిననే తప్ప లెన్సులతో నిద్రింపరాదు. వానితో స్నానమాడరాదు, ఈదరాదు.

కన్ను ఎఱ్ఱబడినను, నొచ్చినను, వెలుతురు చూడలేకున్నను, చూపు మసకబారినను వెంటనే లెన్సు తీసివేయవలెను. చనుబాలు, ఆముదము, అంగడిలో అడిగి తెచ్చిన చుక్కలు వేయరాదు. లెన్సును, డబ్బీని పారవేయక వైద్యుని యొద్దకు గొనిపోవలెను. వాని పరీక్షవలన రోగకారణము తెలియవచ్చును.

మన జిల్లాకు కార్నియా పుండు క్రొత్త కాదు. 1996లో వెలువడిన పరిశోధన మదురై జిల్లాలో ఏటా లక్షమందికి 113 మంది చొప్పున దీని పాలగుచున్నారని తేల్చెను. వారిలో అనేకులు పొలముపనిలో కంటికి దెబ్బ తగిలినవారు. వరియాకు గీరుట మన చేతిలో లేకపోవచ్చును. డబ్బీ శుభ్రత మన చేతిలోనిదే. 1976లో డాక్టరు జి. వెంకటస్వామిగారు పదునొకండు పడకలతో ఆరంభించిన అరవింద నేత్రవైద్యశాల మదురైలోనే యున్నది. అంత దగ్గర వైద్యముండగా ఆలస్యము చేయుట చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటయే యగును.

నేడు ఇంటికి పోయిన వెంటనే బిడ్డ నడిగి ఆ డబ్బీని ఒక్కసారి తెరచి చూడుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.