ఇంటికి ఒకటే మెట్ల దారి, కింద స్టూడియో: నిప్పు అంటుకుంటే?

ఈ ఎపిసోడ్ పాతబస్తీలో ఇల్లూ, పనిచేసే చోటూ ఒకటే అయినవాళ్ల కోసం. లక్క గాజులు చేసేవాళ్లు, జర్దోసీ మగ్గం పెట్టుకున్నవాళ్లు, పెయింటింగ్ వేసేవాళ్లు, రెజిన్ ఆర్ట్ చేసి ఇన్‌స్టాలో అమ్ముకునేవాళ్లు, మీరంతా.

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ పక్కన ఆల్టడీనాలో కార్చిచ్చుకి చాలామంది ఆర్టిస్టుల ఇళ్లు, స్టూడియోలు బూడిదయ్యాయి. చార్మినార్ చుట్టూ అడవి లేదు కదా అంటారా? అదే ఏడాది మే 18న, పొద్దున ఆరు ప్రాంతంలో, గుల్జార్ హౌజ్ దగ్గర మంటలు లేచాయి. కింద నగల షాపు, పైన ఇల్లు. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. ఎక్కువమంది ప్రాణం తీసింది మంట కాదు, పొగ. బయటికి రావడానికి ఉన్నది ఒకటే ఇరుకు దారి.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఆ ఒక్కటి పోతే మొత్తం పోయినట్టే. సర్వర్ అయితే రీస్టార్ట్ చేసుకోవచ్చు.

కింద నిప్పు పుడితే మెట్ల దారి పొగగొట్టం అయిపోతుంది. నిద్రలో ఉన్నవాళ్లకి పొగ వాసన తెలియకపోవచ్చు. అందుకే మంటలార్పే సిలిండర్ కంటే ముందు బ్యాటరీతో నడిచే స్మోక్ అలారం కొనండి. పనిగదిలో ఒకటి, మెట్ల పైన సీలింగ్‌కి ఒకటి. తర్వాత ఈ రాత్రే మెట్ల మీద ఉన్న స్టాక్ డబ్బాలు తీసేయండి. ఎలక్ట్రిక్ స్కూటర్ మెట్ల కింద ఛార్జింగ్ పెట్టొద్దు. అమ్మ తిట్టినా సరే, చెప్పుల స్టాండ్ కూడా జరపండి.

ఇక రెండో దారి. మన గల్లీల్లో డాబాలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, గాలిపటాలప్పుడు ఎన్నిసార్లు దూకలేదు! పక్కింటి చాచాతో ముందే మాట్లాడి పెట్టుకోండి. డాబా తలుపుకి తాళం వేస్తే, చెవి ఆ తలుపు పక్కనే మేకుకి వేలాడాలి, బీరువాలో కాదు. పైకి వెళ్లే మెట్లలో కూడా పొగ నిండితే అందులోకి దూరొద్దు. గది తలుపు మూసి, కింది సందులో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గరికి వెళ్లి అరవండి.

ఇప్పుడు మన సామాను సంగతి. లక్క కరిగించే బొగ్గుల కుంపటి బూడిద గంటల తర్వాత కూడా వేడిగా ఉంటుంది, రేకు డబ్బాలో వేసి బయట పెట్టండి. టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల దగ్గరే చిన్న నిప్పురవ్వకి అంటుకోగలదు. మన మే నెల ఎండలు మీకు తెలుసు. లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే, అగ్గిపుల్ల లేకుండానే వాటంతట అవే రాజుకోగలవు. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

రెజిన్ వాళ్లు ఈ మాట వినండి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వపెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని, పైన ఉంటున్న కనీసం 9 మంది చనిపోయారు. చీప్‌గా వస్తుందని డ్రమ్ము కొనకండి, ఆ వారం ఆర్డర్లకి ఎంత కావాలో అంతే తెచ్చుకోండి.

పూర్తయిన ప్రతి పనికీ ఫోటో తీసి క్లౌడ్‌లో పెట్టండి. డిజైన్ పుస్తకం, ఆర్టిసాన్ కార్డు, ఆధార్ ఒకే సంచిలో, దిగే దారిలో ఉండాలి. చేతికందితే పట్టుకోండి, లేకపోతే వదిలేయండి. ఆరు నెలలు కష్టపడ్డ పీస్ లోపల ఉన్నా సరే, దాని కోసం వెనక్కి వెళ్లొద్దు.

బయటపడ్డాక 101 కానీ 112 కానీ కొట్టండి. అడ్రస్‌తో పాటు ఫైర్ ఇంజన్ ఎక్కడిదాకా రాగలదో చెప్పి, ఒక కుర్రాణ్ణి ఆ మలుపు దగ్గర నిలబెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక ఎలక్ట్రీషియన్ అన్నని కూర్చోబెట్టి పాత వైరింగ్ గురించి అడుగుతా. మీ మీటర్ బోర్డు ఫోటోలు పంపండి.