కరెంటు పోతేనే కనబడే మనుషులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. మన సభల్లో ఐదు నిమిషాలంటే ఎంతో మీకు తెలుసు. భయపడకండి, భోజనాల వాసన నాకూ వస్తోంది.

మనిషి గురించి నేను గమనించిన సంగతి ఒక్కటే. తన దగ్గరున్న దాని విలువ వాడికి తనంతట తెలియదు. ఎవరో వచ్చి చెప్పాలి, లేదా అది పోవాలి.

మన పేటనే చూడండి. ఒకప్పుడు "మీదెక్కడండీ?" అని అడిగితే చాలామంది "ఎన్ఏడీ దగ్గర" అనేసి ఊరుకునేవారు. 2018 సెప్టెంబరులో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. అందులో నటించినవాళ్లు ఎక్కువమంది ఇక్కడి మామూలు మనుషులే. సినిమాని అందరూ మెచ్చుకున్నారు. మర్నాటి నుంచి ఊరంతా పుట్టుకతోనే కంచరపాలెం వాళ్లయిపోయారు, ఎప్పుడో ఇల్లమ్ముకుని ఎంవీపీ కాలనీకి వెళ్లిపోయినవాళ్లతో సహా! రోజూ నడిచిన సందులే, టికెట్టు కొని చూస్తే తప్ప అందంగా కనబడలేదు.

హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. చెట్లు, కరెంటు స్తంభాలు కూలిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, పాల ప్యాకెట్టు దొరకడమే గగనం. ఆ చీకట్లో జనం బయటికొచ్చి గుమ్మాల ముందు కూర్చున్నారు. ఎదురింటాయన పేరు అప్పుడు తెలిసింది. ఒకరింటి చారు ఇంకొకరింటికి వెళ్లింది. తరవాత కరెంటు వచ్చింది. ముందు టీవీలు తెరుచుకున్నాయి, వెంటనే తలుపులు మూసుకున్నాయి.

ఇక మన వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే గులాబీలతో శుభోదయాలు. "రక్తం కావాలి" అని ఎవరైనా పెడితే నీలం టిక్కులు, నిశ్శబ్దం. మాస్టారు పోయారంటే మాత్రం రెండు నిమిషాల్లో వరసగా దండాలు. ఆయన మంచాన ఉన్నన్నాళ్లూ గుమ్మం తొక్కినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు ఎక్కువే.

ఇదిగో, ముందు వరసలో మన గురువులు నిక్షేపంలా ఉన్నారు. శాలువా కప్పి, ఫోటో దిగి, ఆటో ఎక్కించేస్తే రుణం తీరిపోదు. నాదొక చిన్న ప్రతిపాదన. ఒక్కొక్క బ్యాచి ఒక్కొక్క గురువుగారి బాధ్యత తీసుకుని, నెలకోసారి ఎవరో ఒకరు వెళ్లి గంటసేపు కూర్చుని రావాలి. షరతు ఒక్కటే: ఫోటో తీయకూడదు, గ్రూపులో పెట్టకూడదు. ఈ షరతు విన్నాక ఎంతమంది మిగులుతారో నాకు అనుమానమే. ఆ అనుమానం తప్పని తేలితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

పేర్లు రాసుకునే పుస్తకం భోజనాల బల్ల దగ్గరే పెట్టించాను. అక్కడికైతే అందరూ వస్తారు కదా!